తాబేలింటి మనుషులు

రైలు కదలకముందే సమ్లీ ఆ చేతుల్ని గుర్తుపట్టింది. మొహం కనబడటం లేదు. కళ్ల కిందనుంచి గడ్డం దాకా నీలం మాస్కు, నుదుటి మీదికి లాక్కున్న టోపీ, బుగ్గల మీద రోజూ ఉండే, బర్మావైపు ఆడవాళ్లు పూసుకునే పచ్చటి చెక్కగంధం కడిగేసుకుంది, చెవి వెనక మాత్రం ఎండిన పిండిలా కాస్త మిగిలిపోయింది. చేతుల్ని ఏం చేస్తుంది, ఎంత కడిగినా అవి చేతులే. ఐసు నీళ్లలో నాని తెల్లగా ఉబ్బిన వేళ్లు, రొయ్య ముల్లు దిగి గోళ్ల పక్కన నల్లబడిన చారలు, సగానికి అరిగిపోయిన కుడి బొటనవేలి గోరు. మహాచయ్ ఊళ్లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్లందరివీ అవే చేతులు, కానీ ఎడమ చూపుడువేలి మీద ఆ కాలిన మచ్చ మి నోన్‌ది. మూకుడు తగిలి కాలిన రోజున సమ్లీయే కలబంద కోసి ఆ వేలికి రాసింది, ఊది ఊది రాసింది. ఇప్పుడా చేతులు ఎదురు బల్ల మీద, మడతలు పెట్టిన కాగితం ఒకటి పట్టుకుని, దాక్కోవడానికి చోటులేనట్టు ఒకదాని కింద ఒకటి దూరుతున్నాయి. మి నోన్ కూడా చూసింది. ఒక్కసారి చూసి, చూడనట్టు కళ్లు దించేసుకుంది. ఆ చూడకపోవడం కోపం కాదని సమ్లీకి తెలుసు, అది తనకు చేస్తున్న ఉపకారం. ఈ రైల్లో మీరెవరో నాకు తెలియదు పెద్దమ్మా, మీరు హాయిగా వెళ్లండి అని. పొద్దున "ఈరోజు బ్యాంకాక్ వెళ్లే పనేం లేదమ్మా" అన్న సమ్లీ తన మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది. చక్రాలు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు చప్పుడు చేసి, రైలు కదిలింది.

అబద్ధమైతే ఆడలేదు, పొద్దున్న ఆ వేళకి నిజంగానే పనేం లేదు. మి నోన్ వచ్చి, దుకాణం వెనక గుమ్మంలో నిలబడి అడిగింది. నాలుగేళ్లుగా తెల్లవారుజామున రొయ్యల షెడ్డులో పని చేసి, ఎండెక్కాక సమ్లీ ఎండుచేపల కొట్టుకి వచ్చే మనిషి, ఈరోజు గడప దాటకుండా అడిగింది. రొయ్యలవాళ్లలో జబ్బు బయటపడిందట, రాత్రికి రొయ్యల బజారు చుట్టూ, వాళ్లుండే గదుల చుట్టూ ముళ్లకంచె వేస్తారట, పద్నాలుగు రోజులంటున్నారు, నెలంటున్నారు, లోపల ఉన్నవాళ్లు లోపలే. "నా బాధ అది కాదు పెద్దమ్మా, పకావ్" అంది. పకావ్ ఐదేళ్ల కూతురు, బ్యాంకాక్‌లో అక్క దగ్గర పెరుగుతోంది. అక్క ఆఖరి స్టేషన్ దగ్గర నూడుల్స్ కొట్లో గిన్నెలు తోముతూ ఆ కొట్లోనే పడుకుంటుంది. నిన్న టీవీ చూశాక యజమానికి భయం పట్టుకుంది. రొయ్యలవాళ్ల పిల్ల నా కొట్లో ఉండటానికి వీల్లేదు, చీకటి పడేలోగా తల్లి వచ్చి తీసుకుపోకపోతే పోలీసులకి అప్పజెప్పేస్తా అన్నాడు. "నేనొక్కదాన్నే రైలెక్కితే దించేస్తారు. మీ పక్కన కూర్చుంటే ఎవరూ అడగరు పెద్దమ్మా. మీ చెల్లెలి కూతుర్నని చెప్పండి. పిల్ల చేతికొస్తే చాలు, తర్వాత ఏ చెట్టు కిందో ఉంటాం." మూడు రోజుల కిందట ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, జబ్బు లేదని రాసిచ్చారు, ఆ కాగితం తీసి చూపించింది. సమ్లీ కాగితం వంక చూడకుండా ఉప్పు డబ్బా మూత వంక చూస్తూ, ఈరోజు పనేం లేదమ్మా, చూద్దాంలే, అంది. చూద్దాంలే అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో. దాని మీద తల పెట్టుకుని మనిషి నిద్రపోవచ్చు.

తర్వాత పక్క సందు ఫెన్ వచ్చింది, ఆరోగ్య కార్యకర్తల చొక్కా వేసుకుని, మెడలో కార్డు, చేతిలో కాగితాల అట్ట. మి నోన్ అప్పటికి అలవాటు కొద్దీ లోపలికొచ్చి, దడి వెనక జల్లెళ్ల మీద చేపలు తిరగేస్తోంది. "అక్కా, మీ కొట్లో బర్మావాళ్లెవరూ లేరు కదా? ఉన్నా లేరనే చెప్పు, నాకూ రాసే చాకిరీ తగ్గుద్ది" అని ఫెన్ నవ్వింది. "ఈ కాగితం నువ్వే పూర్తి చెయ్ అక్కా, నా కళ్లజోడు ఇంట్లో ఉంది. ఎలాగూ నువ్వు చదువుకున్నదానివేగా ఇప్పుడు." అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఫెన్‌కే తెలియాలి. భర్త పోయాక, యాభై ఎనిమిదో ఏట, గుడిలో సాయంత్రం బడికి వెళ్లి భిక్షువు దగ్గర నేర్చుకున్న అక్షరాలు సమ్లీవి. మొదట తన పేరు రాసింది, తర్వాత ఆయన పేరు రాసింది, ఆయన పేరు రాసిన రోజు పలక ఒడిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ చేత్తోనే పొద్దున, పరాయి దేశస్తులు ఎంతమంది అన్న గడిలో సున్నా చుట్టింది. గుండ్రంగా, అందంగా వచ్చింది సున్నా. "ఎవరూ లేరు" అని పైకి కూడా అంది, ఫెన్ అడగకపోయినా. దడి వెనక చేపలు తిరగేసే చప్పుడు ఆగింది. ఫెన్ వెళ్లాక చూస్తే జల్లెళ్లన్నీ సర్ది ఉన్నాయి, మేకుకి వేలాడే మి నోన్ గ్లాసు, అంచున ఎర్రపువ్వున్న సత్తుగ్లాసు, మేకుకి లేదు. ఆ మేకు అంత పెద్దదని సమ్లీ ఎప్పుడూ గమనించలేదు.

గంట తిరక్కుండా కూతురు ఫోన్. ఒరతైకి పెళ్లయిన పదమూడేళ్లకి కడుపు పండింది, ఇవాళో రేపో అన్నట్టుంది. "అమ్మా, ఈరోజే బయల్దేరి వచ్చెయ్. రాత్రికి మీ ఊరు మూసేస్తారంట. ఇవాళ రాకపోతే బిడ్డని ఎప్పుడు చూస్తావో ఏమో. అత్తయ్యకి గట్టిగా చెప్పాను, మా అమ్మకి బర్మావాళ్లతో ఏ సంబంధమూ లేదని. ఆవిడ ఒప్పుకుంది, ఒక్కసారికి. ఇంకోటి, ఎండుచేపలు తేవద్దు, ఆ వాసన ఆవిడకి పడదు." సమ్లీ చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, నిమ్మచెక్కతో రుద్దుకుని, బుట్టలో అరటిపువ్వు, మిరియాలు, అల్లం సర్దుకుంది, బాలింతకి పాలు పడే పులుసు పెట్టాలని. కొట్టు మూసింది. మి నోన్ గదుల వైపు సందు ఉంది, స్టేషన్ వైపు రోడ్డు ఉంది. కాళ్లు రోడ్డు వైపే నడిచాయి. చూద్దాంలే అన్నదాన్ని, చూడకుండా నడిచాను అనుకుంది. ఇప్పుడు ఆ మనిషే ఎదురు బల్ల మీద కూర్చుని ఉంది.

రైలు ఉప్పుమడుల మధ్యకి వచ్చింది. ఎండ వాలింది. నీళ్లు కట్టిన మడుల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా పడుకుని ఉంది, ఒక్కో మడిలో ఒక్కో మబ్బు, గట్టు మీద ఒంటరిగా తిరుగుతున్న గాలిచక్రం, దాని నీడ నీళ్లలో ఇంకోవైపుకి తిరుగుతున్నట్టు. కిటికీలోంచి వచ్చే గాలి ఉప్పగా ఉంది, బురదగా ఉంది, తియ్యగా కూడా ఉంది. రైలు ఊగుతుంటే కాళ్ల కింద ఉన్నది ఇనుమో నీళ్లో తెలియడం లేదు. చిన్నప్పుడు అవ్వ పడవ ఇలాగే ఊగేది. పడవ నిండా మట్టికుండలు, కుండల మధ్య ఊరవేసిన చేపల జాడీలు, జాడీల మధ్య ఆరేళ్ల సమ్లీ. అవ్వ తెడ్డు వేస్తూ మోన్ భాషలో పాడేది, పదాలు గుర్తులేవు, నీళ్లలో తెడ్డు దిగే చప్పుడే ఆ పాటకి అర్థమేమో. సమ్లీ వాళ్లు మోన్‌లు. ఎనిమిది తరాల కిందట బర్మానుంచి కొండలు దాటి వచ్చి ఈ నది ఒడ్డున దిగిన మోన్‌లు. మి నోన్ కూడా మోన్, ఎనిమిదేళ్ల కిందట అవే కొండలు దాటి వచ్చింది. అంతే తేడా. కానీ సమ్లీ సంచిలో ఈ దేశపు పదమూడంకెల కార్డుంది, పేరు థాయి పేరు, మాట థాయి మాట. మి నోన్‌ని అందరూ బర్మాది అంటారు. మొదటిసారి విన్నప్పుడు మి నోన్ నవ్వింది. "అక్కడేమో మమ్మల్ని బర్మావాళ్లు కాదు పొమ్మన్నారు పెద్దమ్మా. ఇక్కడికొచ్చాకే అయ్యాం."

గత్తర వచ్చిన ఏడు. ఆ ఏడు నదిలో ఆకులకన్నా నిశ్శబ్దం ఎక్కువ తేలింది. అవతలి రేవులో రోజుకో ఇంట్లో మనిషి పోతున్నాడు, సున్నం చల్లిన గుమ్మాలు దూరం నుంచి తెల్లటి పళ్లలా కనబడేవి. అవ్వ ఎప్పటిలాగే పడవ ఆనించింది. కుండలు కొనే ఆడవాళ్లు మెట్లు దిగలేదు, పైనుంచే, "మోన్‌ది, మోన్‌ది వచ్చింది, పిల్లల్ని లోపలికి పిలవండే" అన్నారు. గత్తర వీళ్ల కుండల్లోంచే వచ్చిందట, వీళ్ల చేపల జాడీల్లోంచే వచ్చిందట. ఆ ఊరూ ఈ ఊరూ ఒకే నది నీళ్లు ముంచుకుని తాగుతున్నాయి, గత్తర ఎవరి కడవలోకి ముందొచ్చిందో ఎవరు చూశారు. రెండో రోజున అరటిదొప్పల తెప్ప ఒకటి తేలుతూ వచ్చింది. జబ్బు ఊరు విడిచి పోవాలని మట్టిబొమ్మలు చేసి, మెడలు విరిచి, తెప్ప మీద పెట్టి వదులుతారు, మనుషులకి బదులుగా బొమ్మల్ని తీసుకుపొమ్మని. సమ్లీ ఒంగి చూసింది. బొమ్మకి కొప్పు ఉంది, పక్కకి వాలిన కొప్పు, భుజం మీంచి నల్లగుడ్డ పీలిక. ఆ రేవులో అలా కొప్పు పెట్టేవాళ్లు ఎవరూ లేరు. "అవ్వా, ఇది నువ్వే" అంది సమ్లీ, సంబరంగా, బొమ్మ దొరికినందుకు. అవ్వ తెడ్డు ఆపింది. తెప్ప పడవని రాసుకుంటూ మెల్లగా వెళ్లిపోయింది, మెడ విరిగిన అవ్వ ఆకాశం చూస్తూ సముద్రానికి పోయింది. ఆ సాయంత్రం అవ్వ కొప్పు విప్పి, అవతలి రేవు ఆడవాళ్లలా జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది. ఆ తర్వాత మోన్ మాట వంటింటి గడప దాటలేదు. అవ్వ పోయాక వంటింట్లోనూ లేదు. మి నోన్ చెవి వెనక పిండిలా మిగిలిన ఆ చెక్కగంధం చూస్తుంటే సమ్లీకి కత్తెర చప్పుడు వినిపించింది.

"నిన్నటి లెక్కల నంబరు పొద్దున్నే అయిపోయింది బాబూ" అంటోంది ఎవరో. లాటరీ టికెట్ల ఆమె, మెడకి తగిలించుకున్న చెక్కపెట్టె తెరిచి, మెడ నిండా తాయెత్తులున్న మనిషికి చూపిస్తోంది. "జబ్బు పడ్డవాళ్లు ఎంతమందని టీవీలో చెప్తే అంత, ఆ నంబరే కావాలంటారు. రోగమొచ్చినా నంబరే, చావొచ్చినా నంబరే మనవాళ్లకి."

తాయెత్తుల మనిషి నవ్వలేదు. "మొన్నమొన్నటిదాకా ఈ దేశంలో ఆ జబ్బే లేదు. హాయిగా ఉన్నాం. వీళ్లు అడవుల్లో పడి దొంగతనంగా దాటొచ్చి తగిలించారు."

"దాటొచ్చింది వాళ్లే. దాటించింది ఎవరు మరి? డబ్బు పుచ్చుకుని దాటించినోడు మనోడేగా."

రైలు స్టేషన్లో ఆగింది, కదిలింది. ఉప్పుమడులు అయిపోయి కొబ్బరితోటలు, తోటలు అయిపోయి ఇళ్ల వెనకభాగాలు. ఆరేసిన బట్టలు కిటికీ దాకా వచ్చి వెళ్లిపోతున్నాయి, ఎవరింట్లోనో మిరపకాయలు వేగుతున్న ఘాటు, ఎవరిదో పసిపిల్ల ఏడుపు, సగం వినబడి సగం వెనక ఉండిపోయింది. పకావ్ ఏడుస్తోందేమో. సమ్లీ ఆ పిల్లని ఫోన్లోనే చూసింది, ముందుపళ్లు లేని నవ్వు. అమ్మమ్మా అని పిలిపించేది మి నోన్, పలక్కపోతే బుజ్జగించి మరీ. అమ్మమ్మా అంటే తను ఏం పలికింది, ఊఁ అంది. ఊఁ అనడానికి ఏం పోయింది.

మి నోన్ కొట్టుకి వచ్చిన మొదటి ఏడు, వానల్లో. కొట్టు వెనక కాలవ మెట్ల మీద ఇద్దరూ చేపలు కడుగుతున్నారు, అప్పటికింకా థాయిలోనే మాట్లాడుకునేవాళ్లు, తనకి మోన్ వచ్చని సమ్లీ చెప్పలేదు. నీళ్లలోంచి ఒక తాబేలు పైకొచ్చి మెట్టు మీద తల పెట్టింది. సమ్లీ నోరు తెరిచేలోగా పక్కనుంచి మి నోన్ గొంతు, మోన్‌లో, గబగబా, "ఛీ, కుళ్లింది, కంపు." అచ్చం అవ్వ అన్నట్టే, ముక్కు ఎగబీల్చి మరీ. సమ్లీ చేతిలో చేప జారిపోయింది. ఆ మాట తాబేలింటివాళ్లు తప్ప ఇంకెవరూ అనరు. మోన్‌లలో ఒక్కో వంశానికి ఒక్కో ఇంటిదేవుడు, వీళ్లకి తాబేలు. దారిలో తాబేలు కనబడితే ఇంటికి తీసుకెళ్లాలి, వండి, తలా కాళ్లూ ఇంటి పెద్దస్తంభం దగ్గర ముందు పెద్దలకు పెట్టి తర్వాత తినాలి, చూసి ఊరికే పోకూడదు. తీసుకెళ్లే వీలు లేకపోతే చూసిన వెంటనే కంపు అనేయాలి. అంటే ఇక అది మనది కాదు, పెద్దలు కూడా అడగరు. "నువ్వు తాబేలింటిదానివా?" అని సమ్లీ మోన్‌లో అడిగింది. ఆ భాష నోట్లోకి వచ్చి అరవై ఏళ్లయింది, అయినా నాలిక్కి దారి తెలుసు. మి నోన్ బిత్తరపోయి చూసి, చూసి, నవ్వుతూ ఏడ్చేసింది. ఒకే ఇంటిదేవుడంటే ఒకే ఇల్లు. ఎనిమిది తరాలు కాదు, ఎనభై తరాలైనా. ఆ సాయంత్రమే ఎర్రపువ్వు గ్లాసుకి గోడలో మేకు కొట్టింది సమ్లీ.

తుస్సు తుస్సుమని చప్పుడైంది. పక్క బల్ల మీది ఆమె, గులాబీరంగు మాస్కు, చేతిలో మందు కొట్టే సీసా, తన సీటుకి కొట్టుకుంది, గాలికి కొట్టింది, తర్వాత మి నోన్ మోకాళ్ల వైపు కొట్టింది. "ఇక్కడేదో రొయ్యల వాసన" అంది. "మేమైతే ఇంట్లో రొయ్యలు వండటమే మానేశాం." మి నోన్ కాళ్లు వెనక్కి లాక్కుంది. తాయెత్తుల మనిషి తల తిప్పి, ముందు ఆ చేతులు చూశాడు. అతనికి కూడా చేతులు చదవడం వచ్చు.

"ఏమ్మా, ఎక్కడ దిగుతావు?"

"ఆఖర్న."

"ఎవరింటికి?"

"అక్క."

రెండే మాటలు. అయినా ఆ రెండు మాటల్లోనే కొండలూ, అడవీ, దాటిన రాత్రీ అన్నీ వినిపించాయి రైలుపెట్టెలో అందరికీ. అటు చివర కూర్చున్నవాళ్లు లేచి ఇంకా అటుకి జరిగారు. "మాట చూశారా" అంది గులాబీ మాస్కు ఆమె, ఇంకో రెండుసార్లు మందు కొడుతూ. మి నోన్ లేచి నిలబడి మడతలు విప్పి కాగితం చాపింది, అందరికీ, ఎవరైనా తీసుకోండి అన్నట్టు. ఎవరూ తీసుకోలేదు. "కాగితానికి మాత్రం అంటుకోదా?" అన్నాడు తాయెత్తుల మనిషి. "అందరూ చూస్తున్నారుగా, వచ్చే స్టేషన్లో మర్యాదగా దిగిపోమ్మా. ఇంట్లో ముసలివాళ్లూ పిల్లలూ ఉన్నవాళ్లం." అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది, నిజమైన భయం, అందుకే సమ్లీకి ఇంకా భయమేసింది. ఆ మనిషి ఇటు తిరిగాడు. "పెద్దమ్మా, మీరూ ఆ ఊళ్లోనే ఎక్కారు. ఎదురుగా కూర్చున్నారు. కంపు కొడుతోందా లేదా, మీరే చెప్పండి."

మాట నాలిక చివరికి వచ్చేసింది. అవ్వ నేర్పిన మాట, ఆలోచన లేకుండా వచ్చే మాట. ఒక్క మాట అంటే ఇక అది మనది కాదు, పెద్దలు కూడా అడగరు. ఇంకో ఇరవై నిమిషాలకి ఆఖరి స్టేషన్, అల్లుడు బండి తెచ్చి నిలబడి ఉంటాడు, రేపో ఎల్లుండో చేతిలో బిడ్డ, తల్లో ఇంకా తడి ఆరని బిడ్డ. పెట్టె మెల్లగా ఊగుతోంది, అరటిదొప్పల తెప్పలా ఊగుతోంది, దాని మీద కొప్పు లేని బొమ్మ ఒకటి చేతిలో కాగితంతో నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఊరంతా ఇదే మాట అంటోంది, టీవీ అంటోంది, ఫెన్ నవ్వుతూ అంది, ఒరతై ముద్దుగా అంది, తను సున్నా చుట్టి అంది. ఇంటికి తీసుకెళ్లే వీలు లేనప్పుడు అనే మాట. కానీ కంపు అంటే తాబేలు బతికిపోయేది. కుండలో పడకుండా, మెట్టు మీంచి జారి, నీళ్లలోకి వెళ్లిపోయి బతికిపోయేది. తాబేలుకి ఆ మాట ప్రాణం. మనిషికి నీళ్లెక్కడున్నాయి జారిపోవడానికి.

సమ్లీ చెయ్యి చాపి కాగితం తీసుకుంది. పెట్టెలో ఎవరో చప్పరించారు. కళ్లకి దూరంగా పట్టుకుని, వేలు పెట్టి, గుడిబడిలో చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. పేరు. వయసు ఇరవై తొమ్మిది. పరీక్ష చేసిన రోజు. "జబ్బు. లేదు." చదవడానికి చాలాసేపు పట్టింది, ఆమె ఆగినచోటల్లా చక్రాల చప్పుడు వచ్చి నిలబడింది.

"మీకెందుకు పెద్దమ్మా ఈ గోల?" అన్నాడు తాయెత్తుల మనిషి, కాస్త తగ్గి. "ఎవరు మీకు?"

"మా ఇంటి మనిషి."

"మీ ఇంటి మనిషా? అయితే మీరూ బర్మాయేనా? కార్డుందా?"

సమ్లీ చెయ్యి సంచి మీదికి వెళ్లింది. గుడ్డలోంచే కార్డు అంచు వేలికి తగిలింది, గట్టిగా, నున్నగా. తీసి చూపిస్తే ఈ మనిషే లేచి మర్యాద చేస్తాడు, సీటు తుడుస్తాడు. కార్డు ఒక్కరికే సరిపోతుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. రైలు వేగం తగ్గుతోంది, ఇంకా రెండు స్టేషన్లున్నాయి. కార్యకర్తలో పోలీసులో ఎక్కేదాకా కూర్చోవడం ఎందుకు. పడుచుతనంలో ఈ దారిలోనే నెత్తిన ఎండుచేపల గంపతో ఇల్లిల్లూ తిరిగింది, ఇక్కడి కాలవ గట్లు ఇంకా పాదాలకి గుర్తే. "లే అమ్మా, దిగుదాం" అంది మోన్‌లో. అంతమంది మధ్య, వంటింటి గడప దాటి, వినబడేలా అంది. గులాబీ మాస్కు ఆమె సీసా ఇటు తిప్పింది, సమ్లీ మోకాళ్ల మీద సన్నటి చలి చినుకులు పడ్డాయి. మరీ అంత చల్లగా ఏమీ లేవు.

ప్లాట్‌ఫారం చిన్నది, ఇద్దరూ దిగాక ఇంకెవరూ దిగలేదు. రైలు కదులుతుంటే వెనకనుంచి, "పెద్దమ్మా, మీ బుట్ట" అని లాటరీ ఆమె గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది, పెట్టె ఒకచేత్తో పట్టుకుని, బుట్ట రెండోచేత్తో. ఇస్తూ సమ్లీ వేళ్లని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. "ఆఖరి స్టేషన్ దాకా కాలవ గట్టున పోండి, ముప్పావుగంట. పెద్దరోడ్డు మీద ఆపుతున్నారు" అని ఇంకేదో కూడా అంది, రైలు తీసుకెళ్లిపోయింది.

కాలవ గట్టు మీద సిమెంటు పలకల దారి, ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నటి దారి. ముందు సమ్లీ, వెనక మి నోన్. నీళ్లు ఆకుపచ్చగా, బద్ధకంగా, ఎండని మోస్తూ వాళ్లతోపాటు నడుస్తున్నాయి. అరుగుల మీద కునుకు తీస్తున్న ముసలివాళ్లు, కుండీల్లో మొక్కలు, దండెం మీద పసిపిల్లల గుడ్డలు. ఎవరూ ఏమీ అడగలేదు, ఒకామె పిలిచి బుట్టలో ఏముందని మాత్రం అడిగింది, అరటిపువ్వు అంటే, ఎవరికి పురుడు అంది. సమ్లీ వెనక్కి తిరక్కుండానే, "గ్లాసు ఏం చేశావు?" అంది.

"సంచిలో ఉంది పెద్దమ్మా."

ఇంకాస్త దూరం నడిచాక మి నోన్ మెల్లగా అంది, "మీరు ఆ మాట అనలేదు."

"మాస్కులో వాసనేం తెలుస్తుందే" అంది సమ్లీ. వెనక చిన్న శబ్దం వచ్చింది, నవ్వో మరొకటో.

వంతెన దగ్గర ఫోన్ మోగింది. సమ్లీ తీసి చూసింది, ఒరతై అన్న అక్షరాలు వెలుగుతున్నాయి, కూడబలుక్కోనక్కర్లేకుండా చదవగలిగే అక్షరాలు. వంతెన మీద నిలబడింది. కింద నీళ్లు కదలడం లేదనుకుంటే కదులుతున్నాయి. తెప్ప మీది అవ్వ ఎక్కడిదాకా వెళ్లి ఉంటుంది, సముద్రం చేరిందా, లేక ఏ రెల్లుపొదకో తగిలి ఆగిందా, మెడ విరిగిన ఆ బొమ్మని ఎవరైనా చూసి చేతిలోకి తీసుకున్నారా. చూసి ఊరికే పోకూడదు.

"అమ్మా, ఎక్కడున్నావ్? ఆయన స్టేషన్లో ఎదురుచూస్తున్నారు. రైలొచ్చేసింది, నువ్వు దిగలేదన్నారు."

"నడిచి వస్తున్నానే. కాలవ గట్టున."

"నడిచా? ఏమైంది? అత్తయ్య అప్పుడే అడుగుతోంది."

సమ్లీ వెనక్కి తిరిగి చూసింది. మి నోన్ రెండడుగులు దూరంలో ఆగిపోయి, వినకూడనిది వింటున్నట్టు తల పక్కకి తిప్పుకుని నిలబడింది. ఎండ ఇంకా చెట్ల పైనే ఉంది. నూడుల్స్ కొట్టు ఇంకో అరగంట దూరం, చీకటి పడటానికి ఇంకా చాలా సమయం ఉంది.

"చెప్తాను, వచ్చి చెప్తాను. మీ అత్తగారికి కూడా నేనే చెప్తాను, వద్దంటే వాకిట్లోనే కూర్చుంటాం. నువ్వు మాత్రం పొయ్యి మీద అన్నం కాస్త ఎక్కువ పెట్టించు" అంది సమ్లీ. "ముగ్గురం వస్తున్నాం."